సముద్రంలో పడవని తిప్పి పంపే ముందు ఒక్క మాట అడగండి

కేంద్ర హోం శాఖకు, కోస్ట్‌గార్డ్‌కు, రాష్ట్ర మత్స్యశాఖకు, శ్రీకాకుళం, విజయనగరం ఎంపీలకు, కలెక్టర్లకు

నమస్కారం. తుఫానులో తప్పిపోయిన మా వాళ్లను వెతికి తెచ్చేది మీరే, ఆ కృతజ్ఞత మాకు ఎప్పుడూ ఉంది. అది చెప్పి నేరుగా విషయంలోకి వస్తాను.

మాది శ్రీకాకుళం తీరంలో ఒక వేట ఊరు. నేను వేటకి వెళ్లను, లా చదువుకున్నాను, ఊళ్లో వాళ్ల కాగితాల పని చూస్తుంటాను. నడిసంద్రంలో ఇంజిన్ ఆగిపోయిన పరాయి పడవ కనిపించి, అందులో ఆడవాళ్లు, పిల్లలు, నీళ్లు లేక సొమ్మసిల్లినవాళ్లు ఉంటే మా బోటు వాళ్లు ఏం చెయ్యాలి, తర్వాత వాళ్ల మీద కేసు రాదని ఎవరు చెప్తారు అని అడుగుతూ ఊరి తరఫున ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాం. రసీదు చేతిలో పెట్టారు. తిరగ్గా తిరగ్గా, అది మా పరిధి కాదు, పైవాళ్లను అడగండి అన్నారు నోటిమాటగా. పైవాళ్లు కింది ఆఫీసునే అడగమన్నారు. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయను, నా తగువు గుమస్తాలతో కాదు. కాగితం మీద జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు కాబట్టి ఇది నలుగురూ చదివేలా రాస్తున్నాను.

శ్రీకాకుళానికీ శరణార్థుల పడవలకీ ఏం సంబంధం అంటారేమో. 2022 మేలో అసని తుఫాను రోజుల్లో సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది, గుర్తుంది కదా? మయన్మార్ వైపు నుంచో థాయ్‌లాండ్ వైపు నుంచో వచ్చుంటుందన్నారు. జనం తాళ్లు కట్టి ఒడ్డుకి లాగారు, సెల్ఫీలు దిగారు, టీవీలవాళ్లు వచ్చారు. మనుషులు లేని రథాన్ని అంత దూరం నుంచి మోసుకొచ్చిన గాలీ నీరూ మనుషులున్న పడవని మోసుకురావని ఎవరైనా రాసివ్వగలరా? శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది, విజయనగరానికి ఇంకో 28. అదీ కాక మా కుర్రాళ్లు ఈ తీరంలోనే ఉండరు. విశాఖ హార్బర్ నుంచి, చెన్నై నుంచి, గుజరాత్ వెరావల్ నుంచి పెద్ద బోట్లెక్కి పోతారు. బంగాళాఖాతంలో ఏం తేలినా ముందు కనిపించేది వాళ్లకే.

ఏం తేలుతోందో కూడా చెప్తాను. 2021 ఫిబ్రవరి 11న బంగ్లాదేశ్ కాక్స్‌బజార్ నుంచి మయన్మార్ వదిలి పారిపోయొచ్చిన రోహింగ్యా ముస్లింలు దాదాపు 90 మందితో ఒక పడవ బయల్దేరింది. కొద్ది రోజులకే ఇంజిన్ పాడైంది. అండమాన్ సముద్రంలో మన కోస్ట్‌గార్డ్ ఆ పడవని కనుక్కునేసరికి 8 మంది చనిపోయి ఉన్నారు, 81 మంది బతికున్నారు. మనవాళ్లు తిండి, నీళ్లు, మందులు ఇచ్చారు. ఇది మంచి పనే, కాదనను. కానీ ఒడ్డుకి తేలేదు. వాళ్లను వెనక్కి తీసుకోమని మన ప్రభుత్వం బంగ్లాదేశ్‌తో మాట్లాడింది, దగ్గరున్న దేశమే చూసుకోవాలని బంగ్లాదేశ్ అంది. ఆ మాటలు అలా నడుస్తుండగా పడవ సముద్రంలోనే ఉండిపోయింది. జూన్ 4న ఇండోనేషియాలో ఆచే దగ్గర ఒక చిన్న దీవికి చేరింది. మొత్తం 113 రోజులు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ లెక్కలో 2023 ఒక్క ఏడాదే అండమాన్ సముద్రం, బంగాళాఖాతం కలిపి 569 మంది రోహింగ్యాలు చనిపోయారు లేదా కనబడకుండా పోయారు. 2025 మే 9, 10 తేదీల్లో మునిగిన రెండు పడవల్లో 427 మంది పోయి ఉంటారని అదే సంస్థ చెప్పింది. మా జిల్లాలో ఒక్కో వేట ఊరు మొత్తం కలిపినా కొన్నిచోట్ల అంతమంది ఉండరు.

ఇక చట్టం. మీరు చెప్పబోయేది ముందు నేనే చెప్పేస్తాను. 1951 శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 ప్రోటోకాల్ మీద గానీ భారత్ సంతకం పెట్టలేదు. మనకి శరణార్థుల చట్టమే లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టంలో ఆశ్రయం కోరేవాళ్ల గురించి ఒక్క అధ్యాయమూ లేదు, పాస్‌పోర్ట్ వీసా లేకుండా వస్తే 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా మాత్రం ఉన్నాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపలికి ఇమిగ్రేషన్ చట్టానికి విరుద్ధంగా మనుషుల్ని దించడానికొచ్చే పడవని ఆపే హక్కు దేశానికి ఉంది. 1993లో అమెరికా సుప్రీంకోర్టు హైతీ పడవల కేసులో, నడిసముద్రంలో తిప్పి పంపితే ఒప్పందాన్ని మీరినట్టు కాదని 8-1తో తేల్చింది కూడా. ఇవన్నీ నిజాలే. ఇక్కడితో ఆగిపోతే మీరు గెలిచినట్టే.

కానీ మనం సంతకం పెట్టినవీ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాన్ని మన దేశం 1995లో ఆమోదించింది. దాని 98వ అధికరణం సముద్రంలో ఆపదలో ఉన్న ఏ మనిషికైనా సాయం చెయ్యాలంటుంది. 1979 సముద్ర గాలింపు, రక్షణ ఒప్పందంలోనూ మనం ఉన్నాం. అందులో రెండు మాటలు ఎవరూ బయటికి చెప్పరు. ఒకటి, ఆపదలో ఉన్నవాళ్ల జాతీయత ఏదైనా, హోదా ఏదైనా సాయం చెయ్యాలి. రెండు, రక్షించడం అంటే సురక్షితమైన చోటికి చేర్చడం దాకా. బిస్కెట్ ప్యాకెట్లు, నీళ్ల డబ్బాలు ఇచ్చి, ఇంజిన్ బాగుచేసి, అటు పొండి అంటే ఆ పని సగంలో వదిలేసినట్టే. పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో 1979 నుంచి ఉన్నాం, దాని 7వ అధికరణం చిత్రహింసల్ని నిషేధిస్తుంది. అలాంటి చోటికి మనిషిని తిప్పి పంపొద్దనే చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేశాం. దాదాపు ముప్పై ఏళ్లుగా అలాగే ఉంది ఆ ఫైలు.

అంతకంటే ముందు మన రాజ్యాంగం ఉంది. ప్రాణానికీ స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21వ అధికరణం పౌరుడికే కాదు, ప్రతి మనిషికీ వర్తిస్తుంది. 1996లో, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి అరుణాచల్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. ప్రాణభయం ఉన్న చోటికి మనిషిని తిప్పి పంపకూడదనే నియమం 21లోనే ఇమిడి ఉందని 1998లో గుజరాత్ హైకోర్టు అంది. మయన్మార్ నుంచి ప్రాణాలరచేత పట్టుకుని వచ్చిన ఏడుగురిని ఢిల్లీలోని శరణార్థి సంస్థ దగ్గరికి వెళ్లనివ్వమని 2021లో మణిపూర్ హైకోర్టు ఆదేశించింది. అదే ఏడాది ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు రోహింగ్యాల పంపివేతను ఆపడానికి ఒప్పుకోలేదు, ఇది మీకు అనుకూలమైన తీర్పే. అయితే ఆ తీర్పు కూడా 14 (చట్టం ముందు సమానత్వం), 21 అధికరణాలు అందరివీ అంటూనే, నిర్ణీత పద్ధతి పాటించకుండా పంపకూడదని ముగించింది.

సరే, సముద్రం మీద ఆ నిర్ణీత పద్ధతి ఏమిటి? అర్జీలో మేం అడిగింది అదే. ఒడ్డు మీద పట్టుకుంటే ఎఫ్ఐఆర్ ఉంటుంది, మేజిస్ట్రేట్ ఉంటాడు, వకీలు ఉంటాడు. నీళ్ల మీద పట్టుకుంటే ఏముంది? నువ్వెవరు, ఎక్కడ్నుంచి వచ్చావు, తిరిగి పంపితే నీకేమవుతుంది అని అడిగేవాడు లేకుండా పడవ మొహం అటు తిప్పేస్తే, ఆ మనిషికి హక్కు ఉందో లేదో తేల్చే అవకాశమే పోతుంది. 2009 మే 6న ఇటలీ దీవి లాంపెదూసాకి దక్షిణంగా 35 నాటికల్ మైళ్ల దూరంలో ఇటలీ ఓడలు దాదాపు 200 మందిని ఎక్కించుకుని, ఒక్క మాట అడక్కుండా లిబియాలో దించేశాయి. అందులో సోమాలియా, ఎరిట్రియా వాళ్లు 24 మంది కోర్టుకెళ్లారు. 2012 ఫిబ్రవరి 23న యూరప్ మానవ హక్కుల కోర్టు ఇటలీది తప్పంది. మీ ఓడ ఎక్కాక వాళ్లు మీ అధీనంలో ఉన్నట్టే, ఎవరి పరిస్థితి వాళ్లది విడిగా చూడాలి, గుంపుగా తిప్పి పంపకూడదు అంది. ఆ తీర్పు మనల్ని కట్టెయ్యదు, తెలుసు. కానీ భారత జెండా ఉన్న ఓడ మీద భారత చట్టం నడుస్తుందనడానికి యూరప్ దాకా వెళ్లక్కర్లేదు కదా.

మాకెందుకు ఇంత పట్టింపు అంటే, ఈ సముద్రం అవతల ఉన్నది మాకు తెలియని ఊరు కాదు. మా తాతలు రంగం వెళ్లారు, అంటే బర్మా (ఇప్పటి మయన్మార్)లోని రంగూన్‌కి. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి రంగూన్‌లో మూటలు మోశారు, రిక్షాలు లాగారు, బియ్యం మిల్లుల్లో చేశారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత జరిగిన గొడవల్లో వంద మందికి పైగా చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అడవులు పట్టి నడిచొచ్చారు, దారిలో ఎంతమంది పోయారో ఇంటింటికీ ఒక కథ. 1962లో బర్మా సైన్యాధిపతి నే విన్ సైన్యంతో గద్దెనెక్కాక దుకాణాలు జాతీయం చేశారు, 1964లో పెద్ద నోట్లు రద్దు చేశారు, మిగిలినవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖలో బర్మా క్యాంప్ ఊరికే వెలవలేదు. వాళ్లు మన మనుషులు కాబట్టి దేశం చేర్చుకుంది, నిజమే, తేడా ఉంది. కానీ ఓడని రేవులో ఆపి మీకు ఇక్కడ చోటు లేదు అని ఉంటే మా ఇళ్లలో సగం మంది పుట్టుండేవాళ్లు కాదు.

ఇంకా దగ్గరి సంగతి. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చేదాకా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశంలో ఆడవాళ్లు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో మీకు తెలుసు, మీలో కొందరు వాళ్లకి సాయం కూడా చేశారు. అప్పుడు మనం ఏం అడిగాం? వాళ్లెవరో కనుక్కోండి, మా అధికారుల్ని కలవనివ్వండి, వివరం రాసిపెట్టండి అన్నాం. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి కాబట్టి మన వాళ్ల పేర్లు కనీసం ఒక కాగితం మీద ఉన్నాయి. రోహింగ్యాల కోసం అలా అడిగే ప్రభుత్వం లేదు, 1982 పౌరసత్వ చట్టంతో మయన్మార్ వాళ్లను తనవాళ్లు కాదంది. అడిగే దిక్కు లేనివాడికి చట్టం ఎక్కువ కావాలా, తక్కువ కావాలా?

భద్రత మాటకొస్తే, ముంబై దాడి తర్వాత మాకు గుర్తింపు కార్డులిచ్చి, కొత్త పడవ కనిపిస్తే చెప్పమన్నది మీరే, చెప్తూనే ఉన్నాం. అనుమానం ఉంటే దించి తనిఖీ చెయ్యండి. నడిసంద్రంలో తిప్పి పంపిన పడవలో ఎవరున్నారో మీకెప్పటికీ తెలీదు. 2020 లాక్‌డౌన్‌లో చెన్నైలో చిక్కుకున్న మన వాళ్లు పడవలు కొనుక్కుని సముద్రం మీదుగా ఊళ్లకొస్తే, రోగం భయం ఎంత ఉన్నా దించారు, క్వారంటైన్‌లో పెట్టారు, పరీక్షలు చేశారు, తర్వాత పంపారు. ఆ వరసే అడుగుతున్నాం. మన పిల్లలకే పని లేక వలస పోతుంటే వీళ్లెక్కడి గోల అని మా ఊళ్లోనే అంటారు, ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఇళ్ల స్థలాలు ఇమ్మని, రేషన్ కార్డులు ఇమ్మని ఈ లేఖలో ఎక్కడా లేదు.

మేం అడిగేవి ఇవి.

1. కాపాడినవాడి మీద కేసు ఉండదని రాసివ్వండి. మా ఊళ్లో ఒక ముసలి తండేలు (బోటు నాయకుడు) నాతో అన్న మాట ఇది: "ఒగ్గేసి ఎలిపోతే పాపం, ఎక్కించుకుంటే కేసు. మరేటి సెయ్యమంతావు?" ఈ భయం ఉత్తది కాదు. 2007 ఆగస్టులో ఏడుగురు ట్యునీషియా మత్స్యకారులు సముద్రంలో 44 మందిని కాపాడి లాంపెదూసాకి తెస్తే, అక్రమంగా మనుషుల్ని తెచ్చారని వాళ్లనే జైల్లో పెట్టారు, బోట్లు సీజ్ చేశారు. కెప్టెన్లిద్దరూ పూర్తిగా బయటపడేసరికి 2011 అయింది. అలాంటిది ఇక్కడ జరిగితే ఏమవుతుందో ఆలోచించండి. బోటు ఓనరుది, దాని మీద అప్పు ఉంటుంది, సరంగుకీ కళాసీలకీ దక్కేది వాటా. బోటు స్టేషన్ దగ్గర కట్టేసి ఉంటే వాటా లేదు, వాటా లేకపోతే ఆ నెల వడ్డీ కట్టలేరు. ఇదంతా తెలిసినవాడు పరాయి పడవ కనిపించగానే బోటు పక్కకి తిప్పుకుని పోతాడు, అతన్ని నేను తప్పుపట్టలేను. కోస్ట్‌గార్డ్ 1554 నంబరుకి గానీ వైర్‌లెస్‌లో గానీ కబురు చేసి ప్రాణాలు కాపాడినవాళ్ల మీద కేసు ఉండదని, బోటు సీజ్ చెయ్యరని తెలుగులో ఒక ఉత్తర్వు ఇచ్చి ప్రతి రేవులో అంటించండి.

2. ఏ పడవనైనా వెనక్కి పంపే ముందు అందులో వయసొచ్చిన ప్రతి మనిషినీ విడిగా అడగాలి, వాళ్ల భాష తెలిసినవాడి చేత అడిగించాలి. రోహింగ్యాల భాష బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్ వైపు మాటకి దగ్గర, తెలిసినవాళ్లు దేశంలో దొరుకుతారు, ఫోన్లోనైనా మాట్లాడించొచ్చు. శరణార్థి సంస్థ ఆఫీసు ఢిల్లీలోనూ ఉంది, చెన్నైలోనూ ఉంది. మా వాళ్లు కరాచీ జైల్లో భాష రాక ఎన్ని అవస్థలు పడ్డారో వాళ్లనే అడిగి తెలుసుకోండి.

3. రికార్డు పెట్టండి. ఎక్కడ ఆపారు, ఎన్నింటికి, ఎంతమంది, ఏం అడిగారు, ఏం చెప్పారు, ఏం ఇచ్చారు, ఎటు పంపారు. 2025 మేలో ఢిల్లీలో పట్టుకున్న దాదాపు 40 మంది రోహింగ్యాలను మయన్మార్ తీరం దగ్గర లైఫ్ జాకెట్లతో సముద్రంలో దించారని ఆరోపణ వచ్చింది. మయన్మార్ మానవ హక్కుల మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకుడు టామ్ ఆండ్రూస్ విచారణ మొదలుపెట్టారు. సుప్రీంకోర్టు మే 16న ఆధారాలు లేవంది, అల్లిన కథలా ఉందంది, మధ్యంతర ఉత్తర్వు ఇవ్వలేదు. నేను ఏ వైపూ తీర్పు చెప్పను. ప్రతి ఓడలో లాగ్, వీడియో ఉండి, అవి కోర్టు ముందుకి వచ్చే ఏర్పాటు ఉంటే ఇలాంటి మాట నిజమో అబద్ధమో ఒక రోజులో తేలిపోతుంది. నిజాయితీగా డ్యూటీ చేసే మీ సిబ్బందికి కూడా అదే రక్ష.

4. పిల్లలు, గర్భిణులు, జబ్బుతో ఉన్నవాళ్లు ఉన్న పడవని ఏ కారణంతోనూ తిప్పి పంపొద్దు. దీని మీద చర్చ అక్కర్లేదనుకుంటాను.

5. ఆగి సాయం చేసిన బోటుకి డీజిల్, ఐసు, పోయిన వేట ఖర్చు ఇవ్వండి. పట్టిన చేప పారబోసి మనుషుల్ని ఎక్కించుకోమని చెప్పడం తేలిక, ఆ చేప ఎవరి అప్పు తీర్చాలో మాకు తెలుసు. వేట నిషేధ భృతి బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు కదా, ఇదీ అదే ఖాతాలో వెయ్యొచ్చు.

6. ఒడ్డుకి చేరినవాళ్లకి మొదటి రోజే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వకీలు రావాలి. 1987 చట్టం ఆడవాళ్లకి, పిల్లలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత సాయం ఇమ్మంది, పౌరులకే అనలేదు. శ్రీకాకుళం, విజయనగరం బార్‌లలో నాకు తెలిసిన వకీళ్లు వస్తామంటున్నారు, పిలిచేవాళ్లు కావాలి. మెరైన్ పోలీసులకి దీని మీద ఒక్క పూట క్లాసు చెప్పినా చాలు.

7. ఎంపీలకు ప్రత్యేకంగా. 2015లో శశి థరూర్ లోక్‌సభలో ఆశ్రయం మీద ప్రైవేటు బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. రోహింగ్యాలు శరణార్థులా, అక్రమంగా వచ్చినవాళ్లా అన్న ప్రశ్నను 2025 జూలై 31న సుప్రీంకోర్టు విచారణకి ఖరారు చేసింది. కోర్టు చెప్పేదాకా పార్లమెంటు ఊరుకోవాలని ఎక్కడా లేదు. 1951 ఒప్పందం మీద సంతకం పెట్టకపోయినా ఇండోనేషియా 2016లో శరణార్థుల మీద ఒక నిబంధన తెచ్చుకుంది, సముద్రంలో దొరికినవాళ్లను ఏం చెయ్యాలో అందులో రాసుకుంది. 2015లో ఆచే జాలర్లు వందల మందిని ఒడ్డుకి చేర్చాక వచ్చింది అది. 2023లో అదే ఆచేలో కొన్ని ఊళ్లు పడవల్ని రానివ్వలేదు, అదీ చెప్పాలి. భారం అంతా రేవు ఊళ్ల నెత్తినే పడితే జాలి ఎన్నాళ్లో నిలవదు, అందుకే ప్రభుత్వం మధ్యలోకి రావాలి. చిత్రహింసల ఒప్పందాన్ని ఆమోదించడం ఎప్పుడో ఈ సమావేశాల్లోనే ఒక ప్రశ్న వేసి జవాబు రాబట్టండి.

వీటిలో చట్టం మార్చాల్సింది ఏడోదొక్కటే. మిగిలిన ఆరూ మీ సంతకంతో అయ్యే పనులు. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం జూన్ 14తో తీరిపోతుంది, ఆ మర్నాడే బోట్లు దిగుతాయి. ఒకటో నంబరు ఉత్తర్వు ఆలోపు రేవుల్లో కనిపించాలి. రాకపోతే అర్జీ రసీదు జత చేసి సమాచార హక్కు కింద అడుగుతాం, దానికీ జవాబు లేకపోతే హైకోర్టులో పిల్ వేస్తాం, కాగితాలు రెడీ చేసుకుంటున్నాం.

ఇట్లు,
ఒక వేట ఊరి మనిషి,
శ్రీకాకుళం జిల్లా